మూసినవాళ్ళే ఎక్కాలి

ఎనిమిది సీట్ల ఆ జెట్టు విమానం షెడ్డులోకి వచ్చిన రోజు పని ఆపి దాన్ని చూడని మనిషి లేడు. వయసు రెండేళ్ళు. గాల్లో తిరిగింది నాలుగు వందల గంటలు కూడా లేదు. మరీ పెద్దదీ కాదు, మరీ బుల్లిదీ కాదు. లోపల తల వంచకుండా నడవొచ్చు, సీటు వెనక్కి వాల్చి కాళ్ళు బారజాపొచ్చు. "కొత్తది కావాలంటే మూడేళ్ళు వరసలో నిలబడాలి. ఇది ఇవాళ కొంటే రేపు ఎగురుతుంది" అని అమ్మేవాళ్ళ దళారి కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాడు. నేల తుడిచే మనిషికి కూడా చెప్పాడు. అతను కొనడని తెలుసు, అయినా నోరు ఊరుకోలేదు.

కొనబోయేది బిస్కెట్ల ఫ్యాక్టరీ యజమాని. అరవై దాటిన మనిషి. ఇలాంటి బేరాల్లో డబ్బు చేతులు మారేముందు విమానాన్ని నఖశిఖపర్యంతం విప్పి చూస్తారు. ఇంజన్లలోకి సన్నటి గొట్టం కెమెరా దూరుస్తారు, చక్రాలు జాకీల మీద లేపి తిప్పుతారు, పుట్టినప్పటినుంచీ రాసిన పుస్తకాలన్నీ పేజీ పేజీ తిరగేస్తారు. అన్నీ బాగున్నాక చివరిగా ఒకసారి పైకి తీసుకెళ్ళి దింపుతారు. ఆ తనిఖీకి పెద్ద, షెడ్డులో అందరూ భూతద్దం సారు అని పిలిచే ఆయన. ఎదురుగా ఉన్నప్పుడు సారు అనే అంటారు, భూతద్దం ఆయన వీపు తిరిగాకే.

సీట్లు, కార్పెట్టు, గోడలకు వేసిన తోలు, ఇవన్నీ విప్పి మళ్ళీ బిగించే పని సూదక్కది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఆమె కుట్టిన సీట్లలో కూర్చుని ఎవరెవరో ఎక్కడెక్కడికో పోయివచ్చారు. ఆమె మాత్రం నేల విడిచి జానెడు లేవలేదు. వండేవాళ్ళకి వాసనకే కడుపు నిండుతుందంటారు. సూదక్కకి నిండలేదు. ఏ విమానం లేచినా చేతిలో సూది పట్టుకునే షెడ్డు తలుపు దాకా వచ్చి, అది చుక్కయ్యేదాకా చూసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చునేది. తను రోజూ బస్సు దిగే మలుపు, నడిచే వీధి, తన డాబా ఒక్కసారి పైనుంచి చూడాలి, అంతే ఆమె కోరిక. అన్నీ తనవే, కానీ ఎప్పుడూ కిందనుంచే చూసింది.

ఆ షెడ్డులో ఎక్కడా రాసిపెట్టని రూలు ఒకటుంది. పరీక్షకు ఎగిరేటప్పుడు, ఏ పలక ఎవరు విప్పి మూశారో వాళ్ళు ఆ విమానంలో ఎక్కాలి. మూసినవాళ్ళే ఎక్కాలి. తన ప్రాణం కూడా పైనే ఉంటుందని తెలిసినవాడు ఏ మరా వదులుగా వదిలెయ్యడు. అయితే ఆ రూలు మెకానిక్కుల వరకే. "కార్పెట్టు ఊడితే విమానం పడదు కదా సూదక్కా" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

మొదటిరోజు సాయంత్రం బిస్కెట్ల యజమాని వచ్చి విమానంలో ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి నడిచాడు. వెనక జత సీట్ల దగ్గర, టాయిలెట్ తలుపు ముందు, అడుగు పడగానే నేల కిర్రుమంది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ కిర్రు.

"ఇంత పోసి కిర్రుమనే నేల కొనుక్కోనా? మా ఇంట్లో ఒక మెట్టుంది ఇలాంటిది. అది చాలు నాకు" అన్నాడు.

భూతద్దం సారు సూదక్కని పిలిచాడు. "ఆ చప్పుడు సంగతి నువ్వు చూడు. ఎల్లుండి పదకొండు గంటలకి పైకి లేస్తుంది. నువ్వూ ఎక్కు. నేలమీద పోయిన చప్పుడు గాల్లో మళ్ళీ మోగుతుందేమో విను."

సూదక్క వెనక్కి తిరిగి చూసింది, ఆయన ఎవరితో అంటున్నాడో అని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఆవిడ కొడుకు సరుకుల లారీతో వెళ్ళి వారమైంది. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

"అత్తయ్యా, ఎల్లుండి నేను విమానం ఎక్కుతున్నాను."

"ఎక్కుతావు, దిగుతావు. రోజూ నీ పని అదేగా."

"ఎగిరే విమానం."

కత్తి ఆగింది. "ఎగిరీ?"

"ఊరి మీద రెండు చుట్లు కొట్టి దిగుతుందట. నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు తిరుగుతుందని పైలట్ చెప్పాడు."

"ఏ ట్యాంకు, మన ట్యాంకా? అయితే మన నెత్తిమీదనుంచే!" అత్తగారు వంకాయలు పక్కకి నెట్టేసింది. "మన ఇల్లు కనిపిస్తుందా?"

"ఏం కనిపిస్తుంది? పైనుంచి అన్నీ ఒకలాంటి డాబాలే."

"కనిపించేట్టు చేస్తే ఎందుకు కనిపించదు?" ఆవిడ గోడ పట్టుకుని లేచి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగునుంచి ఒక ఎర్ర దుప్పటి లాగింది. మంచం మీద వేస్తే నిద్ర పట్టనంత ఎరుపు. అందుకే ఎవరూ వాడలేదు. "ఇది డాబా మీద పరుస్తాను. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. మధ్యలో నేను నిలబడి చెయ్యి ఊపుతాను."

"పదహారు మెట్లు అత్తయ్యా. మీ మోకాలు?"

"మోకాలు సంగతి మోకాలు చూసుకుంటుంది. నువ్వు కిటికీలోంచి తల తిప్పకుండా చూడు, చాలు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. అయినా సూదక్క వద్దనలేదు. దుప్పటి ఒక అంచు పట్టుకుని ఆవిడతో కలిసి దులిపింది.

మర్నాడు సూదక్క ముందుగా తన సూదులు లెక్కపెట్టుకుంది. పదకొండు. పొద్దున పదకొండు, సాయంత్రం పదకొండు ఉండాలి. ఒక్కటి తక్కువైనా విమానం షెడ్డు దాటదు. తర్వాత వెనక సీట్లు రెండూ విప్పింది. పిన్ను లాగి, అంగుళం ముందుకు జరిపితే సీటు కాళ్ళు పట్టాలనుంచి విడివడతాయి. ఆ అంగుళం ఎక్కడ ఆగాలో ఆమె నడుముకి తెలుసు.

కార్పెట్టుకి నూగు ఉంటుంది. అది ఒకవైపే పడుకుంటుంది. విమానంలో ఎప్పుడూ ముక్కునుంచి తోకవైపుకి పరుస్తారు. ఆమె మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ, ముందునుంచి తోకవైపుకి అరచేత్తో రాస్తూ పోయింది. మెత్తగా సాగింది. మరో సీటు దాకా మెత్తగానే సాగింది. టాయిలెట్ ముందున్న ముక్క దగ్గర అరచేతికి నూగు ఎదురు తిరిగింది.

ఆమె ఆగింది. తల వంచి, వెలుతురుకి అడ్డంగా చూసింది. రంగు ఒకటే. నూలు ఒకటే. దిశ ఒకటే వేరు. ముక్క అంచు ఎత్తి అడుగు చూసింది. ఫ్యాక్టరీలో వేసిన ప్రతి ముక్క అడుగునా, నిప్పు పరీక్షలో నెగ్గినట్టు ఒక చిన్న గుడ్డచీటీ కుట్టి ఉంటుంది. దీనికి లేదు. అంచు మిషను కుట్టు కాదు, చేతికుట్టు. ఒక్క పోగు కూడా వంకర పోలేదు. కుట్టిన మనిషికి పని బాగా తెలుసు. ఎందుకు కుట్టిస్తున్నారో కూడా తెలిసే ఉంటుంది.

కింద నేలపలక. పలక విప్పడం ఆమె పని కాదు. మెకానిక్కులు ఈ పలక విప్పలేదు. రెండేళ్ళ విమానానికి వెనక నేల తవ్వడం దేనికని అమ్మేవాళ్ళు ఒప్పుకోలేదు, ముందువైపూ మధ్యలోనూ చూస్తే చాలని ముందే మాట్లాడుకున్నారు. కానీ కిర్రు కార్పెట్టులో లేదు. ఆమె పన్నెండు మరలూ విప్పి, వాటిని వరసగా తన గుడ్డ మీద పెట్టి, పలక లేపి టార్చి వేసింది.

నేలను మోసే అడ్డకమ్మీ పొడుగునా తెల్లటి పొడి, అల్యూమినియానికి పట్టే తుప్పు. పచ్చరంగు పూత బుడగలు బుడగలుగా లేచి ఉంది. వేలిగోరుతో నొక్కితే పెచ్చు ఊడి వచ్చింది. కమ్మీ పైనే టాయిలెట్ నీళ్ళ గొట్టం. గొట్టానికి కొత్త అతుకు. నీళ్ళు ఎన్నాళ్ళు కారాయో, ఎన్నాళ్ళు ఇక్కడే నిలిచాయో ఎవరికి తెలుసు. గొట్టం బాగుచేశారు, తడిసిన కార్పెట్టు మార్చారు, మధ్యలో ఉన్నదాన్ని అలాగే వదిలేశారు. పైన పటారం, లోన లొటారం.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సూదక్క పలక దించి, దాని మీద కార్పెట్టు ముక్క కప్పేసింది. ఎందుకు కప్పిందో ఆమెకే తెలియదు. చెయ్యి దానంతటదే కప్పింది.

దళారి లోపలికి వచ్చాడు. "దొరికిందా అక్కా చప్పుడు?"

"చూస్తున్నానండి."

"పెద్దగా ఏం ఉండదు. చిన్న గుడ్డ పేలిక దూర్చండి, పోతుంది. రేపు కిటికీ పక్క సీటు మీకే. పైలట్‌కి నేనే చెప్పాను. పంతొమ్మిదేళ్ళట కదా, ఎంత అన్యాయం అక్కా, ఒక్కసారి కూడా ఎక్కించలేదా?"

ఆ మాటకి సూదక్క కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో అది అన్యాయమని ఇంకెవరూ అనలేదు. అతను టాయిలెట్‌లోకి వెళ్ళి చేతులు కడుక్కుని తిరిగి వచ్చాడు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ ముక్క మీద కాలు పెట్టలేదు, పెద్ద అంగ వేసి దాటాడు. రెండోసారి దాటినప్పుడు ఆమె చూసింది. ఇతనికి తెలుసు.

అతను దిగిపోయాక సూదక్క లెక్కలు వేసుకుంది. ఈ విమానం నెలలతరబడి ఇలాగే ఎగిరింది. ఇంకొక్క గంట ఎగిరితే పడిపోదు. దిగిన వెంటనే చెబుతాను. బేరం సంతకాలు ఎల్లుండి కదా. ఒక్క గంట. పంతొమ్మిదేళ్ళలో ఒక్క గంట నాది కాకూడదా?

పలకకీ కమ్మీకీ మధ్య మెత్తటి గుడ్డపట్టీ దూర్చి పన్నెండు మరలూ బిగించింది. కార్పెట్టు పరిచింది. తొక్కి చూసింది. కిర్రు లేదు. సూదులు లెక్కపెట్టింది. పదకొండూ ఉన్నాయి.

ఇంటికి వస్తే గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చింది. దుప్పటి ఉతికి, ఆరేసి, మడత పెట్టి కుర్చీ మీద ఉంచింది. ఇటుకలు పక్కింటావిడ చేత డాబా మీదికి ఎక్కించింది.

"ఇవాళ ఆరు మెట్లు ఎక్కి చూశానే. ఆరు! రేపు పొద్దునే మొదలుపెడితే పదకొండుకి పైన ఉంటాను. ఏంటే, ఉలుకూ పలుకూ లేదు? భయమా?"

"ఊఁ" అంది సూదక్క. దొంగకు తేలు కుట్టినట్టు ఉంది ఆమె పరిస్థితి. కంచంలో అన్నం కెలికి లేచిపోయింది. పైకి ఎక్కాలని ఇంత కోరిక ఉండటం తప్పా అని అడగడానికి కూడా మనిషి లేదు. ఎందుకంటే ఉన్న ఒక్క మనిషీ దుప్పటికి మడతలు సరిచేస్తోంది.

మూడోరోజు పదిన్నరకి విమానం షెడ్డు ముందు ఎండలో నిలబడింది. మెట్లు దించి ఉన్నాయి. పైలట్ లోపల మీటలు సరిచూసుకుంటున్నాడు. బిస్కెట్ల యజమాని కొత్త టోపీ పెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, చప్పుడు పోయింది. పొద్దునే వచ్చి ముప్పైసార్లు తొక్కి చూశాను. మా ఆవిడకి ఫోన్లో కూడా వినిపించాను" అన్నాడు సూదక్కతో.

"ఏం వినిపించారండి?"

"చప్పుడు లేకపోవడాన్ని" అని తనే నవ్వాడు. మొదటి సైకిలు కొన్నవాడి నవ్వు అది. "అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఇది మంచిదేనా? వీళ్ళందరూ మంచిదే అంటారు. మీరు కుట్టేవాళ్ళు, లోపలినుంచి చూస్తారు కదా."

ఆమె జవాబు చెప్పేలోపు భూతద్దం సారు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చాడు. ఎక్కేముందు అందరూ సంతకం చేసే కాగితం అది. 'విప్పినది నేనే చూశాను, నేనే మూశాను' అని పైన అచ్చేసి ఉంటుంది. కింద మెకానిక్కుల పేర్లు వరసగా. చిట్టచివర, అచ్చులో లేని గీత ఒకటి స్కేలు పెట్టి పెన్నుతో గీసి, 'కార్పెట్టు, సీట్లు' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"నీ కోసం నేనే గీశాను. అందులో పెట్టు సంతకం" అన్నాడు ఆయన, కాస్త సిగ్గుపడుతూ.

పంతొమ్మిదేళ్ళుగా లేని గీత. సూదక్క పెన్ను తీసుకుంది. పెన్ను మొన గీత మీద ఆనింది. ఆనిన చోట చుక్క పెద్దదైంది, అక్షరం మాత్రం పడలేదు. నేనే చూశాను. నేనే మూశాను. రెండూ నిజమే. అంతకన్నా నిజమైన సంతకం ఆమె జన్మలో పెట్టబోదు.

"సార్, చప్పుడు పోలేదు. నేను కింద గుడ్డ దూర్చాను."

"అంటే?"

"వెనక కమ్మీకి తెల్ల తుప్పు పట్టింది. గోరు పెడితే పెచ్చు లేస్తోంది. కార్పెట్టు ముక్క తర్వాత వేసింది, నూగు ఎదురుంది."

భూతద్దం సారు కళ్ళజోడు తీశాడు. "ఎప్పుడు చూశావు?"

"నిన్న మధ్యాహ్నం."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

సూదక్క నేల చూసింది. "చెబితే ఎగరదు కదా సార్. ఎక్కాలని."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. లోపలికి వెళ్ళి, పన్నెండు మరలూ తనే విప్పి, ఇస్త్రీ చొక్కాతో బోర్లా పడుకుని టార్చి వేశాడు. చాలాసేపు లేవలేదు. లేచాక పైలట్ వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు. విమానం లోపల గుయ్యిమంటున్న ఫ్యాన్లన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

దళారి ముఖం కందగడ్డలా అయింది. "ఆ పలక విప్పడానికి ఆవిడకి లైసెన్సుందా? ఏం పోసిందో, ఏం చేసిందో ఎవరు చూశారు?"

"రెండేళ్ళ తుప్పు ఒక్కరోజులో పట్టించే చెయ్యి ఉంటే, నా జీతం కూడా ఆవిడకే ఇస్తాను" అన్నాడు భూతద్దం సారు.

బిస్కెట్ల యజమాని టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తెల్లపొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు, పిండి చూసే అలవాటు కొద్దీ. "ఇందులో మా ఆవిడ ఏ సీట్లో కూర్చోవాలో కూడా అనుకున్నాం" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. లేచి వెళ్ళి భూతద్దం సారు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. సూదక్క వైపు ఒకసారి చూశాడు. టోపీ చేత్తోనే పట్టుకుని కారెక్కాడు. ఆ షెడ్డు మొత్తంలో ఆ పూట ఒకేలా దిగులు పడ్డవాళ్ళు ఇద్దరే.

నివేదికలో తుప్పు సంగతి పేజీన్నర వచ్చింది. 'కనిపెట్టినవారు' అన్న గడిలో లైసెన్సు నంబరు వెయ్యాలి. లేనివాళ్ళకి గడి లేదు. భూతద్దం సారు తన నంబరే వేశాడు. వేసి, సూదక్క కుట్టుబల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వెనక గోడ దగ్గరికి లాగుతున్నారు దాన్ని. ఊడిన పలకలు దొర్లకుండా లోపల ఒక మనిషి ఉంటే మంచిది" అన్నాడు. పలకలు తాడుతో కట్టేసి ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

సూదక్క వెళ్ళి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. మనిషి నడిచే వేగంతో ట్రాక్టరు విమానాన్ని లాగడం మొదలుపెట్టింది. షెడ్డు తలుపు కిటికీలోంచి వెనక్కి జరిగింది. గోడ జరిగింది. నేల మీద పసుపు గీతలు ఒక్కొక్కటే రెక్క కిందికి పోయాయి. దూరంగా అసలు విమానమొకటి పరిగెత్తి, ముక్కు ఎత్తి, లేచిపోయింది. సూదక్క చేతులు సీటు చేతులను గట్టిగా పట్టుకున్నాయి. ఆరువందల అడుగులు పోయాక ట్రాక్టరు ఆగింది. ఆమె వెంటనే బెల్టు తియ్యలేదు. కాసేపు ఏడ్చింది, తర్వాత కొంగుతో సీటు తుడిచి దిగింది.

సాయంత్రం షెడ్డులో అందరికీ తలా ఒక బిస్కెట్ల డబ్బా వచ్చింది. సూదక్క తన వంతు డబ్బా చంకలో పెట్టుకుని బస్సు దిగింది. దారిపొడుగునా ఒకటే ఆలోచించింది. ముసలావిడ పదహారు మెట్లు ఎక్కి, ఎండలో నిలబడి, ఖాళీ ఆకాశానికి చెయ్యి ఊపి ఉంటుంది. ఆవిడకి ఆ మాత్రం దక్కనిద్దాం.

"కనిపించింది అత్తయ్యా, దుప్పటి!" అంది చెప్పులు విడుస్తూనే. అడగకముందే చెప్పేస్తే తేలిక. "ఎర్రగా, తపాలా బిళ్ళంత. మధ్యలో మీరు చుక్కలా ఉన్నారు. చెయ్యి ఊపారు కదూ?"

అత్తగారు మోకాలికి వేడినీళ్ళ సంచీ కట్టుకుని మంచం మీద ఉంది. కోడలి ముఖం వైపు రెప్ప వెయ్యకుండా చూసింది.

"అందరి డాబాల మధ్యనా?"

"ఊరు మొత్తానికి అదొక్కటే ఎరుపు."

"దుప్పటి ట్రంకుపెట్టెలోనే ఉందే అమ్మాయ్."

సూదక్క ఒక చెప్పు విడిచి, ఒకటి కాలికి ఉండగానే ఆగిపోయింది.

"పదో మెట్టు మీద మొరాయించింది మోకాలు. ఎక్కలేను, దిగలేను. అక్కడే కూలబడ్డాను. పక్కింటావిడ వచ్చి దింపింది." ఆవిడ మోకాలి మీద సంచీ సరిచేసుకుంది. "పొద్దుటినుంచీ నాకు అదే దిగులు. పిల్ల పైనుంచి వెతుక్కుంటుందే, కనిపించక ఎంత చిన్నబుచ్చుకుంటుందో అని."

సూదక్క మంచం పక్కన నేలమీద కూర్చుని మొత్తం చెప్పింది. నూగు సంగతి, తెల్లపొడి సంగతి, ఒక రాత్రంతా దాచిన సంగతి కూడా. అత్తగారు అంతా వింది. చివరికి అడిగింది:

"అయితే ఎంత దూరం వెళ్ళావు?"

"షెడ్డునుంచి గోడ దాకా."

"ఎంత ఎత్తు?"

"నాలుగు మెట్లు."

"నయమే. నేను నీకన్నా ఆరు మెట్లు పైకి వెళ్ళాను" అంది అత్తగారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వుతూనే ఆవిడ ముక్కు చీదుకుంది. తర్వాత డబ్బా తెరిచి ఒక బిస్కెట్టు కొరికి, "మనిషి మంచివాడే, వెన్న బాగా వేశాడు" అని తీర్పు చెప్పింది. "ఇదిగో, నేనంత కష్టపడి ఉతికాను. వెలుతురు పోకముందే వెళ్ళి ఆ దుప్పటి పరిచి రా."

"ఇప్పుడెందుకు అత్తయ్యా?"

"ఇటుకలు ఎక్కించానుగా!"

సూదక్క దుప్పటి తీసుకుని డాబా ఎక్కింది. పదో మెట్టు దగ్గర ఒక క్షణం ఆగి ఎక్కింది. నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. గాలికి మధ్యలో దుప్పటి కాస్త ఉబ్బి మళ్ళీ పడుకుంది. డాబా మూలన నీళ్ళ తొట్టెకి కట్టిన గట్టు ఉంది, నిలువెత్తుకి కాస్త ఎక్కువ. సూదక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఇనప నిచ్చెన పట్టుకుని గట్టెక్కి, తొట్టెకి ఆనుకుని నిలబడి కిందికి చూసింది.

"కనిపిస్తోందా?" అని కిందినుంచి అత్తగారు కేకేసింది.

"కనిపిస్తోంది అత్తయ్యా!" అని సూదక్క వీధి అంతా వినబడేలా అరిచింది. "ఎర్రగా! చాలా పెద్దగా!"